నీటి గుంట, కిటికీ అద్దం, స్టీలు గిన్నె: 20 ప్రతిబింబాల ఫొటో సిరీస్, ప్రాజెక్టు డైరీ

రోజూ కళ్ల ముందుండే వస్తువులు నీళ్లలో, అద్దాల్లో, గిన్నెల మీద ఎలా కనిపిస్తాయో 20 ఫొటోల్లో చూపించి, తెలిసినవాళ్లతో పంచుకోవాలన్నది పని. ఈ డైరీ మాత్రం అదే పని మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం. బాగా కుదిరినవి ఎలాగూ ఫొటోల్లోనే కనిపిస్తాయి కాబట్టి, ఇక్కడ ఎక్కువగా చెడిపోయిన వాటి గురించే ఉంటుంది.

సిరీస్‌కి పెట్టుకున్న షరతు ఒక్కటే. ప్రతి ఫొటోలోనూ ప్రతిబింబంతో పాటు అది పడిన చోటు కూడా కాస్తయినా కనపడాలి, అదీ స్పష్టంగా. గుంటయితే దాని అంచు, కిటికీ అయితే చట్రమో అద్దం మీది మరకో, గిన్నె అయితే దాని అంచు. అది లేకపోతే చూసేవాళ్లు "ఫొటో తిరగబడినట్టుంది, సరిచేసి మళ్లీ పంపు" అంటారు. చిన్న షరతే గానీ, కింద రాసిన ఇబ్బందుల్లో సగం దీనివల్లే వచ్చాయి.

సరంజామా:
- ఫోన్
- ఏపీఎస్-సీ (మధ్యస్థ సైజు) సెన్సార్ ఉన్న కెమెరా, 35 ఎం.ఎం. లెన్స్ (తర్వాత 18 ఎం.ఎం.కి మారాను)
- గుండ్రంగా తిప్పే పోలరైజర్ ఫిల్టర్ (ఒక దిశలో కంపించే వెలుతురుని మాత్రమే దాటనిస్తుంది)
- నేలకు ఆనించి పెట్టగలిగే పొట్టి ట్రైపాడ్
- కొలత టేపు, మైక్రోఫైబర్ గుడ్డ, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్

కొలత టేపు దేనికని అడగకండి. అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే.

దశ 1: నిలబడి తీస్తే బురదే

మొదటి విడతవన్నీ నిలబడి తీసినవి. కంటికి గుంటలో చెట్టు కొమ్మలతో సహా కనపడింది. ఫొటోలో చూస్తే బురద, నాలుగు గులకరాళ్లు, వాటి మీద పలచగా చెట్టు ఆనవాలు. కన్ను తనకు కావలసింది ఏరుకుని మిగతాది వదిలేస్తుంది. సెన్సార్‌కి అలాంటి మొహమాటాలు లేవు.

నీరు తన మీద పడిన వెలుతురులో ఎంత భాగాన్ని తిప్పి పంపుతుందనేది మనం చూసే కోణాన్ని బట్టి ఉంటుంది. కోణాన్ని నీటి మట్టం నుంచి కొలిస్తే లెక్క సుమారుగా ఇలా వస్తుంది:

- 90° (నిట్టనిలువుగా కిందికి చూస్తే): 2 శాతం
- 45°: 3 శాతం
- 30°: 6 శాతం
- 10°: 35 శాతం
- 5°: 58 శాతం

ఫోన్ 150 సెం.మీ. ఎత్తులో ఉండి, చూసే చోటు 150 సెం.మీ. దూరంలో ఉంటే కోణం 45°. అంటే చెట్టు నుంచి వచ్చిన వెలుతురులో 3 శాతమే చేతికొచ్చింది, మిగతా జాగాను బురద ఆక్రమించింది. అదే లెన్సుని నీటికి 10 సెం.మీ. ఎత్తుకు దించి, 57 సెం.మీ. అవతల చూస్తే కోణం 10°, ప్రతిబింబం 35 శాతం. 5 సెం.మీ.కి దించితే 58. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ ఎంత లాగినా ఈ తేడా రాదు.

మార్చిన పద్ధతి:
1. ఫోన్‌ని తలకిందులు చేయండి. లెన్స్ పై అంచు దగ్గర ఉంటుంది కాబట్టి, తిప్పితే నీటికి బాగా దగ్గరవుతుంది.
2. ఫోన్‌ని జిప్ కవర్‌లో పెట్టి, లెన్స్ ఉన్న చోట మాత్రం కవర్ తెరిచి ఉంచండి. కవర్ ప్లాస్టిక్ మీదుగా తీస్తే అంతా మసకే.
3. ఆటోమేటిక్ మాక్రో మోడ్ (మరీ దగ్గరి వస్తువుల కోసం ఉండేది) ఆపేయండి. నీరు దగ్గరగా ఉందని గ్రహించి కొన్ని ఫోన్లు వాటంతట అవే అల్ట్రావైడ్ కెమెరాకి మారిపోతాయి. అంచులు వంకరపోయిన ఫొటోల వెనక కారణం ఇదేనని పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.
4. ప్రతిబింబం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి.
5. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి. ఆకాశం తెల్లగా పేలిపోతే దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు.

గుంట ఎంపికలో ఇంకో విషయం. అడుగు నల్లగా ఉన్న గుంట కావాలి. తారు మీద నిలిచిన నీరు మంచిది, తెల్ల ఇసుక మీది నీరు పనికిరాదు. అడుగు నుంచి వచ్చే వెలుతురు తగ్గేకొద్దీ ప్రతిబింబం తేలుతుంది. గుంట లోతుతో పనిలేదు, అరంగుళం నీరున్నా చాలు.

సిరీస్‌లో ఇప్పటికి: 3/20

దశ 1కి అనుబంధం: సైకిల్ సీటు కింద ఏముంది

ఎప్పుడూ నేలకు అంటుకునే తీయాలా అంటే, అక్కర్లేదు. నీటిలో బొమ్మ పైనున్న దృశ్యానికి తిరగేసిన కాపీ అనుకుంటాం గానీ, అది వేరే చోటి నుంచి చూసిన దృశ్యం. కెమెరా నీటికి ఎంత ఎత్తులో ఉందో, అంతే లోతు నుంచి పైకి చూస్తే ఏం కనపడుతుందో నీళ్లలో అది కనపడుతుంది.

గుంట పక్కన ఆపిన సైకిల్ దగ్గర ఇది బాగా తెలిసింది. పైనుంచి చూస్తే సీటు మీద పగుళ్లిచ్చిన నల్ల తొడుగు కనపడుతోంది. నీళ్లలో అదే సీటుకి తొడుగు లేదు. రెండు స్ప్రింగుల చుట్లు, మధ్యలో ఒక బోల్టు, చుట్లకీ చుట్లకీ మధ్య సందుల్లోంచి ఆకాశం. ఎప్పుడూ దాని మీద కూర్చునేవాళ్లు కూడా చూడని భాగం అది.

కొలతలు: సీటు ఎత్తు 90 సెం.మీ., కెమెరా 110 సెం.మీ., రెండింటి మధ్య నేల మీద దూరం 3 మీటర్లు. ప్రతిబింబం పడే చోటు కావాలంటే, దూరాన్ని కెమెరా ఎత్తుతో గుణించి, రెండు ఎత్తుల మొత్తంతో భాగించండి. ఇక్కడ 300 × 110 ÷ 200 = 165. అంటే కెమెరా నుంచి 165 సెం.మీ. దగ్గర నీరు ఉండాలి. లేకపోతే గుంట ఎంత పెద్దదైనా సీటు అందులో పడదు. గుంట జరగదు కాబట్టి సైకిలో కెమెరానో జరగాలి.

కోణం 34° దాకా వచ్చింది, అంటే 5 శాతం వెలుతురే. అయినా పని జరిగింది. కారణం, ఆకాశానికి ఎదురుగా స్ప్రింగులు నల్ల గీతల్లా పడ్డాయి, వాటికి సొంత వెలుతురు అక్కర్లేదు. మామూలు రంగులున్న వస్తువైతే ఈ ఎత్తు నుంచి కుదరదు.

సిరీస్‌లో ఇప్పటికి: 4/20

దశ 2: ఫోకస్ ఎక్కడ పెట్టాలి

ఫోన్‌తో వచ్చినవి చిన్నగా చూస్తే బాగున్నాయి, పెద్దవి చేస్తే ఆకులు పేస్టులా అయ్యాయి. అందుకే కెమెరాకి మారాను. అక్కడినుంచి అసలు టెన్షన్ మొదలైంది.

ఆటోఫోకస్ నీటి మీద తేలే ఎండుటాకుని పట్టుకుంటుంది. ఆకు కత్తిలా ఉంటుంది, చెట్టు మబ్బులా ఉంటుంది. ప్రతిబింబం నీటి ఉపరితలం మీద ఉండదన్న సంగతి స్కూల్లో అద్దాల పాఠంలో చదివిందే. వస్తువు అద్దానికి ఇటు ఎంత దూరమో, ప్రతిబింబం అటు అంత దూరం. సైకిల్ దగ్గరే లెక్క వేస్తే, లెన్స్ నుంచి నీటి దాకా 2 మీటర్లు, ప్రతిబింబంలోని సీటు దాకా 3.6 మీటర్లు. ఫోకస్ పెట్టాల్సింది 3.6 దగ్గర. చెట్టు, భవనం లాంటివైతే దాదాపు అనంతం దగ్గర.

అలా పెడితే ప్రతిబింబం వచ్చింది, గుంట అంచు పోయింది. షరతు గుర్తుంది కదా, రెండూ కావాలి.

35 ఎం.ఎం. లెన్స్‌తో వచ్చిన కొలతలు (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది):
- ఎఫ్/8, ఫోకస్ 7.7 మీటర్లు: 3.8 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టం. అంచు 60 సెం.మీ. దగ్గర ఉంది, ఆశే లేదు.
- ఎఫ్/16, ఫోకస్ 3.8 మీటర్లు: 1.9 మీటర్ల నుంచి స్పష్టం. అంచు ఇంకా మసకే. పైగా రంధ్రం మరీ చిన్నదవడంతో డిఫ్రాక్షన్ (వెలుతురు ఆ రంధ్రం అంచుల దగ్గర వంగి చెదరడం) వల్ల ఫొటో మొత్తం పదును తగ్గింది.

ఫోకస్ స్టాకింగ్ కూడా చూశాను. అంచు మీద ఒకటి, ప్రతిబింబం మీద ఒకటి తీసి కలపడం. నీరు కదలకుండా ఉంటే పద్ధతి మంచిదే. కానీ రెండు ఫొటోల మధ్య చిన్న గాలి వీచినా అతుకు దగ్గర కొమ్మ రెండుగా విరిగినట్టు వస్తుంది. వదిలేశాను.

చివరికి పనిచేసిన అమరిక 18 ఎం.ఎం. లెన్స్, ఎఫ్/11. ఫోకస్‌ని చేత్తో 1.5 మీటర్ల దగ్గర పెడితే 75 సెం.మీ. నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. అంచు 60 దగ్గరుంది కాబట్టి ట్రైపాడ్‌ని 80 సెం.మీ.కి వెనక్కి జరిపాను. అంత దూరంలో 10° కోణం రావాలంటే లెన్స్ ఎత్తు 14 సెం.మీ. ఉండాలి. పొట్టి ట్రైపాడ్ అందుకే. ఫోన్‌కి ఈ బాధ ఎందుకు లేదంటే, దాని ప్రధాన లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ సాధారణంగా ఆరేడు ఎం.ఎం.కి మించదు కాబట్టి స్పష్టత పరిధి దానంతటదే ఎక్కువ.

పని క్రమం:
1. టేపుతో అంచు దూరం కొలవండి, 75 సెం.మీ.కి తగ్గకూడదు.
2. ఆటోఫోకస్ ఆపండి. ఫోకస్ రింగుని 1.5 మీటర్లకి తిప్పండి.
3. సెల్ఫ్ టైమర్ 2 సెకన్లు.
4. స్క్రీన్ మీద పూర్తిగా జూమ్ చేసి అంచు, ప్రతిబింబం రెండూ చూసుకోండి. చిన్న స్క్రీన్ మీద అన్ని ఫొటోలూ అందంగానే ఉంటాయి.

గాలి సంగతి కూడా ఇక్కడే రాస్తాను. అలలున్న నీటిలో షట్టర్ వేగం 1/250 పెడితే ప్రతిబింబం ముక్కలవుతుంది గానీ ఆకారం తెలుస్తుంది. 1/4 సెకను పెడితే అడ్డగీతలన్నీ కరిగిపోయి నిలువు గీతలు మాత్రం పొడుగ్గా సాగుతాయి. కాబట్టి గాలి ఉన్న రోజు కిటికీల జోలికి వెళ్లకుండా స్తంభాలు, చెట్ల మానులు, నిలబడ్డ మనుషులను తీసుకోండి. ఈ సిరీస్‌లో మూడు ఫొటోలు అలా గాలి పుణ్యమా అని వచ్చినవే.

సిరీస్‌లో ఇప్పటికి: 10/20

దశ 3: కిటికీ అద్దాలు

గాజు ఒక్కో ముఖం ఎదురుగా చూస్తే 4 శాతం వెలుతురుని తిప్పి పంపుతుంది, రెండు ముఖాలు కలిపి సుమారు 8. మిగతాదంతా లోపలి గది దృశ్యం. గదిలో లైటు వేసి ఉంటే బయటి వీధి అద్దంలో నిలవదు. లోపల చీకటి, బయట ఎండ ఉన్న వేళ మాత్రమే కుదిరింది.

1925 ప్రాంతంలో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ యూజీన్ అట్జే పారిస్ దుకాణాల అద్దాలను తీసిన ఫొటోల్లో లోపలి బొమ్మలు, బయటి చెట్లు, భవనాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటిని ముందే చూసి ఉంటే రెండు దృశ్యాలూ సమానంగా ఉండాలని పట్టుబట్టేవాణ్ణి కాదు. ఏదో ఒకటి గెలవాలి, రెండోది లీలగా ఉండాలి.

పోలరైజర్‌ని అందరూ ప్రతిబింబాన్ని పోగొట్టడానికి వాడతారు. ఇక్కడ పని తిరగేసి. గాజుకి లంబంగా ఉన్న గీత నుంచి 56° కోణంలో చూస్తే (నీటికైతే 53°), తిరిగి వచ్చే వెలుతురు పూర్తిగా ఒకే దిశలో పోలరైజ్ అయి ఉంటుంది. 1815లో డేవిడ్ బ్రూస్టర్ చెప్పిన సూత్రం ఇది. ఫిల్టర్‌ని ప్రతిబింబం మాయమయ్యే దాకా తిప్పి, అక్కడినుంచి మరో 90° తిప్పండి. అప్పుడు గది వెలుతురు సగానికి పడిపోతుంది, ప్రతిబింబం దాదాపు అలాగే ఉంటుంది. ఒక స్టాప్‌కి పైగా, అంటే సగానికి పైగా వెలుతురు నష్టం, అది భరించాలి. కారు వెనక అద్దాల మీద మాత్రం ఫిల్టర్ పెట్టగానే మచ్చల వరసలు తేలాయి. గట్టిపరచిన గాజులోని ఒత్తిడి అలా బయటపడుతుంది. ఫిల్టర్ పాడైందని కంగారుపడనక్కర్లేదు.

నేనే ఫొటోలో పడటం ఇంకో గొడవ. అద్దానికి 40° పక్కకు జరిగితే చాలు, తప్పుకోవచ్చు. కానీ అమెరికన్ ఫొటోగ్రాఫర్ వివియన్ మయర్ ఏళ్ల తరబడి అద్దాల్లో, దుకాణాల కిటికీల్లో తననే తీసుకుంది. ఆమె నెగెటివ్‌లు 2007లో వేలంలో బయటపడే దాకా లోకానికి తెలియదు. ఒక్క ఫొటోలో నా భుజం, ట్రైపాడ్ కాలు ఉంచేశాను. గదిలోని కుర్చీ సరిగ్గా ఆ భుజం నీడలోనే స్పష్టంగా కనపడింది, ఎందుకంటే నేనడ్డున్న చోట ఆకాశం వెలుతురు పడలేదు. ఇది పనికొచ్చే చిట్కా: లోపలి వస్తువు కనపడాలంటే ఎదురుగా నల్లగా ఏదైనా నిలబెట్టండి.

రెండు పొరల అద్దాలున్న కిటికీలు పూర్తిగా చెడిపోయాయి. ప్రతి గీతకీ జంట గీత. పోలరైజర్ రెండింటినీ ఒకేలా ఉంచింది. పక్కన పెట్టాను.

సిరీస్‌లో ఇప్పటికి: 14/20

దశ 4: గిన్నెలు, చెంచాలు

ఉబ్బెత్తు ఉపరితలం మీద ఫోకస్ సమస్య దాదాపు లేదు. గిన్నె వంపు వ్యాసార్ధం 12 సెం.మీ. అనుకుంటే, ఎంత దూరపు వస్తువైనా దాని ప్రతిబింబం ఉపరితలానికి 6 సెం.మీ. లోపలే ఉంటుంది. అంచు మీద ఫోకస్ పెడితే లోపలి లోకం కూడా వస్తుంది. దశ 2లో తలప్రాణం తోకకొచ్చిన తర్వాత ఇది పండగలా ఉంది.

పక్కకు తప్పుకోవడం మాత్రం ఇక్కడ సాగదు. ఎటు జరిగినా నట్టనడుమ కెమెరా, దాని వెనక మనిషి. చేయగలిగింది బొమ్మలో చిన్నగా పడటమే. అదే గిన్నెకి 30 సెం.మీ. దూరంలో ఉంటే కెమెరా బొమ్మ అసలు సైజులో ఆరో వంతు. 120 సెం.మీ.కి వెళ్తే ఇరవై ఒకటో వంతు. దూరం నుంచి తీసి క్రాప్ చేసుకోవడం మేలు.

చెంచా లోపలి వైపు దీనికి పూర్తిగా తిరకాసు. దూరపు వస్తువులు తలకిందులుగా, చెంచాకి ముందు గాలిలో ఏర్పడతాయి. ఫోకస్ చెంచాకన్నా కాస్త ఇటు పెట్టాలి. పోలరైజర్ లోహం మీద దాదాపు పనిచేయదు, తీసి పక్కన పెట్టండి. తుడిచేటప్పుడు గిన్నెని అంచు పట్టుకుని తిప్పండి. వేలిముద్ర ఒక్కటి చాలు, కిటికీ వెలుగు పడిన చోటే సరిగ్గా కూర్చుంటుంది.

సిరీస్‌లో ఇప్పటికి: 20/20

దశ 5: పంచుకోవడం

ఫొటోలు తీయడం అయిపోయింది కదా అని ఈ దశకు ఒక సాయంత్రం చాలనుకున్నాను. చాలలేదు.

ఆరు ఫొటోలను తిరగేసి చూపించాలనుకున్నాను, నీళ్లలోని లోకం నిటారుగా ఉండేలా. ముందు 180° తిప్పితే బోర్డు మీది అక్షరాలు ఎడమకు కుడి అయ్యాయి. నీటి ప్రతిబింబాన్ని సరిచేసేది తిప్పడం కాదు, నిలువుగా ఫ్లిప్ చేయడం. అది సరిచేసుకున్నాక, ఫొటోల్లో తీసిన చోటు వివరం ఉంటుందని ఎక్సిఫ్ సమాచారం (ఫొటో ఫైల్లో దాగి ఉండే వివరాలు) మొత్తం తుడిచేశాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆరూ మళ్లీ తలకిందులు. జరిగిందేమిటంటే, ఫ్లిప్ చేసినప్పుడు యాప్ పిక్సెళ్లను కదపలేదు. "దీన్ని ఇలా చూపించు" అని ఓరియంటేషన్ గుర్తు ఒక్కటి రాసింది. 1 నుంచి 8 దాకా ఉండే ఆ అంకె ఎక్సిఫ్‌లోనే ఉంటుంది. దాన్ని తుడిస్తే ఫ్లిప్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఫోన్‌ని తిన్నగా నేలకు చూపించి తీసినవి అడ్డంగా, నిలువుగా ఇష్టమొచ్చినట్టు రావడానికీ ఈ అంకే కారణం. ఏది పైనో ఫోన్‌కి తెలియక ఏదో ఒకటి రాసేస్తుంది.

పనిచేసిన వరస:
1. ఎడిటర్‌లో ఫ్లిప్ చేసి, కొత్త ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. అప్పుడు పిక్సెళ్లే మారతాయి.
2. రంగులను, ఎక్కువ స్క్రీన్లు వాడే రంగుల పద్ధతి అయిన ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ పెట్టి తీసినవి కొన్ని ఫోన్లలో వెలిసిపోయినట్టు కనపడ్డాయి.
3. పొడవు వైపు 2048 పిక్సెళ్లు, జేపెగ్ క్వాలిటీ 85.
4. ఆ తర్వాతే జీపీఎస్, మిగతా ఎక్సిఫ్ తీసేయండి.
5. ఫైలుని ఇంకో ఫోన్‌లో తెరిచి చూడండి.

మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే నలిగి చిన్నదవుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది, లొకేషన్‌తో సహా. నాలుగో మెట్టు దాటేయకండి.

పంపేముందు చివరి తనిఖీ ఒకటి పెట్టుకున్నాను: ప్రతి ఫొటోనీ పూర్తి సైజులో, ఫ్లిప్ చేసి మూలమూలలా చూడటం. గిన్నెలో, అద్దంలో మన వెనకాల ఉన్నదంతా పడుతుంది. ఒక ఫొటోలో తలకిందులుగా ఉన్నన్నాళ్లూ గీతల్లా కనపడినవి ఫ్లిప్ చేయగానే ఒక ఇంటి నంబరు, గుమ్మంలో కూర్చున్నావిడ ముఖం అయ్యాయి. మసక పెడితే ఫొటోలో సారం పోతుంది. ఆమెను అడిగాను, వద్దన్నారు. తీసేశాను.

సిరీస్‌లో ఇప్పటికి: 19/20

ఖాళీ అయిన చోటుకి ఆ జంట గీతల కిటికీనే మళ్లీ ప్రయత్నిస్తున్నాను. గీతల్ని పోగొట్టే ఆలోచన మానుకుని, రెండు బొమ్మల మధ్య ఎడం పెంచడం ఈసారి పని. ఏటవాలుగా వెళ్లేకొద్దీ ఎడం మారుతోంది గనుక ఎదురు నుంచి మొదలుపెట్టి 15°, 30°, 45°, 60° దగ్గర ఒక్కొక్కటి తీసి పక్కపక్కన పెట్టి చూస్తాను. స్తంభం లాంటి ఒంటరి వస్తువు ఎదురుగా ఉన్న కిటికీ కావాలి. చెట్టయితే జంట ఆకుల్లో ఏది ఏదో తెలియదు.